ఆరు ఋతువుల బల్లబొంత

ఆ ఎండాకాలం మా జాయింట్ డైరెక్టర్ ప్రభంజనరావు గారిని కొండల మీదికి శిక్షణకు పంపకుండా ఉంటే ఈ కథ రాయవలసిన అవసరం ఉండేది కాదు. శిక్షణ పొదుపు మీద. ఆయన అక్కడ పొదుపు ఎంత నేర్చుకున్నారో నాకు తెలియదు గాని, భోజనాల బల్ల మీద పరిచిన ఒక గుడ్డను మాత్రం చూసి వచ్చారు.

జిల్లా సంక్షేమ వస్త్ర కార్యాలయంలో నేను సూపరింటెండెంటును. మా పని చిన్నది. హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆడపిల్లలకు యూనిఫారం గుడ్డ కొంటాం, మహిళా కుట్టు కేంద్రంలో కుట్టిస్తాం, బడులు తెరిచే వేళకు పంచుతాం. నీలం గళ్ళ లంగా, తెల్ల జాకెట్టు. ఇన్నేళ్ళుగా ఈ పని సజావుగా జరుగుతూ ఉండడం వల్ల మా ఆఫీసు పేరు ఒక్కసారి కూడా పేపర్లో పడలేదు. ప్రభంజనరావు గారి దిగులల్లా అదే.

వచ్చిన మర్నాడే మీటింగు పెట్టారు. ఫోనులో ఫోటో చూపించారు. పొడుగాటి బల్ల, దాని నడుమ ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నగా, మెత్తగా ఒక గుడ్డ. రకరకాల ముక్కలు కలిపి కుట్టారు. మీద ఎండుటాకుల బొమ్మలు.

"దీన్ని టేబుల్ రన్నర్ అంటారు," అన్నారాయన. "బట్టలు కుట్టగా మిగిలిన ముక్కలతో తయారవుతుంది. లోపల దూది. ఋతువు మారినప్పుడల్లా మారుస్తారు. ఇది శరదృతువుది."

అకౌంట్స్ ఆఫీసరు కామరాజు గారు ఫోటోను దగ్గరకు తీసుకుని చూశారు. "బల్లంతా కప్పదాండీ?"

"కప్పదు. మధ్యలోనే ఉంటుంది."

"మరి దేనికండీ?"

"దేనికీ కాదు. కళాదృష్టి అలవరచుకోండి కామరాజు గారూ."

కామరాజు గారు ఆ క్షణం నుంచే అలవరచుకున్నారు. ఆయన అలవరచుకోని దృష్టి లేదు. ఏ అధికారి వస్తే ఆ అధికారి కళ్ళద్దాలు ఆయనకు సరిపోతాయి.

సాయంత్రానికల్లా 'ఋతుయోగ్య శేషవస్త్ర పీఠాలంకరణ పథకం' పుట్టింది. శేషమే సంపద అన్నది నినాదం. యూనిఫారాలు కుట్టగా మిగిలిన గుడ్డతో జిల్లాలోని ప్రతి అధికారి బల్లకూ ఆరు ఋతువులకు ఆరు రన్నర్లు కుట్టించాలి. ఆ ఉత్తర్వు పట్టుకుని కుట్టు కేంద్రానికి నేనే వెళ్ళాను.

కుట్టు కేంద్రం పెద్ద కోటిరత్నం. నోరు పెద్దది, కత్తెర చిన్నది. ఉత్తర్వంతా చదివి వినిపిస్తే మిషను ఆపకుండానే వింది.

"అంటే బల్లకి బొంత కుట్టమంటున్నారు," అంది.

"బొంత కాదు. పీఠాలంకరణ."

"ముక్కలు కలిపి దూది పెట్టి కుట్టేదాన్ని మా ఇళ్ళలో బొంతే అంటారండి. దాని మీద పిల్లల్ని పడుకోబెడతారు. సరే, బల్లల్ని పడుకోబెడదాం. ముక్కలేయి?"

"మీ దగ్గర మిగిలినవి."

ఆమె లేచి మూలనున్న గోనెసంచిలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి నా ముందు పోసింది. వేలెడు పేలికలు, దారప్పోగులు. జేబులకూ, కాజా పట్టీలకూ, పిల్లల జడ రిబ్బన్లకూ వాడేశాక మిగిలింది అదేనట. దాంతో చీమకు తలపాగా కూడా రాదు.

ఈ సంగతి చెబితే ప్రభంజనరావు గారు ఉత్తర్వు మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. "శేషం లేదంటే ఏమిటండీ అర్థం? పని జరగలేదనేగా? వంట జరిగితే గిన్నెలో అడుగు మిగలదా? కుట్టుపని జరిగితే గుడ్డ మిగలవద్దా?" అని, కోటిరత్నానికి మెమో ఇమ్మన్నారు. ఆ మెమో నేనే రాశాను. 'గత కొన్నేళ్ళుగా తమరు ప్రభుత్వ వస్త్రమును ఏమాత్రమును మిగల్చక పూర్తిగా వినియోగించుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. తత్ఫలితముగా ఏర్పడిన శేషలోపమునకు తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.'

కోటిరత్నం ఆఫీసుకే వచ్చి జవాబు చెప్పింది. "అయ్యా, మిగల్చమంటే మిగులుస్తాను. గుడ్డ మీది, కత్తెర మీది. కాకపోతే ఇన్నాళ్ళూ వృథా కాకుండా కోయడమే నేర్చుకున్నాం. వృథాగా కోయడం ఎట్టాగో ఎవరన్నా నేర్పాలి."

ఆమె ఎత్తిపొడుపుగా అన్నదని నాకు అనుమానం. ప్రభంజనరావు గారికి అటువంటి అనుమానాలు రావు. "నేర్చుకోవాలన్న తపన చూశారా!" అని మెచ్చుకుని, నగరం నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించి శేషప్రధాన కత్తిరింపు మీద శిబిరం పెట్టించారు. ఆ నిపుణుడు గుడ్డను మడవకుండా పరిచి, నట్టనడుమ పాదుషా గారి డాలంత గుండ్రంగా ఒక ముక్క కోసి, 'ఇక చుట్టూ ఉన్నదంతా శేషమే' అన్నాడు. కుట్టుపని చేసే ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు.

ఆ ఏడాది యూనిఫారాలు మొదట చేతులు పోగొట్టుకున్నాయి. తర్వాత కాలర్లు పోయాయి. లంగాలు పొట్టివయ్యాయి, కుచ్చిళ్ళు మాయమయ్యాయి. అయినా ఆరు ఋతువులకు చాలలేదు. అప్పుడు కామరాజు గారు లెక్కలన్నీ తిరగేసి, మూడు పేజీల నివేదికలో ఒక సత్యాన్ని బయటపెట్టారు. శేషం తగ్గడానికి ఏకైక కారణం యూనిఫారాలు కుట్టడమే.

"మరైతే యూనిఫారాలు ఆపేద్దాం," అన్నారు ప్రభంజనరావు గారు.

"అలా కుదరదండి," అన్నారు కామరాజు గారు. "శేషం అన్నాక దేన్నుంచో ఒకదాన్నుంచి మిగలాలి కదండీ. ఏమీ కుట్టకపోతే అది కొత్త గుడ్డ. కొత్త గుడ్డతో రన్నరు కుడితే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు."

ఇద్దరూ నావైపు చూశారు. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. చివరికి నిబంధనకు భంగం కలగని దారి వాళ్ళే కనుక్కున్నారు. మరుసటి ఏడాదికి వచ్చిన తానులన్నీ కలిపి ఒక్కటంటే ఒక్క యూనిఫారం కుట్టాలి. తక్కినదంతా చట్టబద్ధమైన శేషం.

ఆ ఒక్క యూనిఫారం ఏ హాస్టలుకు పంపాలన్నది చీటీలు వేసి తేల్చారు. మా ఊరి బాలికల హాస్టలుకు తగిలింది. పొట్లం కట్టి, సంతకం తీసుకుని అప్పగించాం.

కుట్టు కేంద్రం మిషన్లన్నీ ఇక ఋతువుల మీద పడ్డాయి. ఇక్కడొక చిన్న చిక్కు వచ్చింది. కొండల మీద ఆకులు ఎర్రగా, పసుపుపచ్చగా రాలతాయి. మా దగ్గరున్నది నీలం గళ్ళు, తెలుపు. కాబట్టి వసంతంలో నీలం మామిడి చిగుళ్ళు వేశాయి, గ్రీష్మంలో నీలం సూర్యుడు ఉదయించాడు, శరత్తులో నీలం ఆకులు రాలాయి. హేమంతానికి ఏ బొమ్మ వేయాలో ఎవరికీ తోచక నీలం దుప్పటి కప్పుకున్న మనిషిని కుట్టారు. శిశిరం వచ్చేసరికి ఓపిక అయిపోయి తెల్లగా వదిలేశారు. అది మంచు అని కామరాజు గారు వ్యాఖ్యానించారు. ఒక్క వర్షఋతువు మేఘం మాత్రం నిజం మేఘంలాగే కుదిరింది.

గ్రీష్మం రన్నర్లు బల్లల మీదికి చేరేసరికి బయట జోరుగా వానలు. అయినా ఆవిష్కరణ సభ జరిగింది. గొడుగులు గుమ్మం బయటే పెట్టించారు. రికార్డు గది కురుస్తోందని నేను ఫైలు పెడితే కామరాజు గారు తిప్పి పంపారు. 'ప్రస్తుతము బల్లపై గ్రీష్మము నడుచుచున్నది. వర్షఋతువు ఆవిష్కరణ అనంతరము సమర్పించవలెను.' నేను ఇంటి నుంచి బకెట్టు తెచ్చి పెట్టుకున్నాను.

అటువంటి వానరోజున హాస్టలు వార్డెను హెప్సిబా గారు తడుస్తూ వచ్చారు. చేతిలో మేం పంపిన పొట్లం. మాట మెత్తన, మనిషి గట్టి.

"సార్, పొరపాటున ఒకటే వచ్చింది," అన్నారు నాతో.

"పొరపాటు కాదమ్మా. ఒకటే."

"మా దగ్గర ఎనభై మంది పిల్లలున్నారు సార్."

నేను కుర్చీ చూపించాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, పొట్లం ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చారు. చిన్నపిల్లలకు నిరుటి బట్టలే విప్పి, అంచులు దించి సర్దారట. పెద్దవాళ్ళకు దించడానికి అంచు లేదు. తొమ్మిదో తరగతిలో కెజియా అని ఒక పిల్ల. ఈ ఏడాదిలోనే గడకర్రలా ఎదిగింది. నిరుటి లంగా మోకాళ్ళ పైకి వచ్చేసింది. బడికి బజారు గుండా నడిచి వెళ్ళాలి. దారిలో కిళ్ళీకొట్టు దగ్గర కూర్చునే కుర్రాళ్ళు ఏవో మాటలన్నారట. వారం నుంచి ఆ పిల్ల గది దాటి రావడం లేదు.

"ఇంటికి పోతానంటంది సార్. ఇంటికి పోతే వాళ్ళమ్మ మిరప నాటడానికి తీసుకుపోద్ది. ఒకసారి చేలోకి దిగిన పిల్ల మళ్ళీ బళ్ళోకి రాదు. నేను ఎంతమందిని చూశాను. లెక్కల్లో ఫస్టు సార్ ఆ పిల్ల."

నా ముందున్న బల్ల మీద నీలం సూర్యుడు వెలుగుతున్నాడు. మెత్తని దూది, చక్కని అంచు. నా బల్లకు అదివరకు లేని సుఖమంతా ఉంది. ఆవిణ్ణి వెంటబెట్టుకుని లోపలికి తీసుకువెళ్ళాను.

ప్రభంజనరావు గారు సాంతం విన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఎదుటివాళ్ళ కష్టం వింటే ఆయన ముఖం నిజంగానే చిన్నబోతుంది. "అయ్యో పాపం. కాని అమ్మా, యూనిఫారం అన్న అంశం ప్రస్తుతం ఈ కార్యాలయం పరిధిలో లేదు. ఉన్న గుడ్డ యావత్తూ శేషం పద్దు కిందకు మారిపోయింది. శేషంతో రన్నరు తప్ప వేరే వస్తువు కుడితే అది దుర్వినియోగం. మీకు బల్లలు ఉంటే చెప్పండి. ఒక్కో బల్లకు పూర్తి సెట్టు, ఆరేసి రన్నర్లు, ఈ పూటే మంజూరు చేస్తాను."

"మా హాస్టల్లో బల్లలు లేవు సార్. పిల్లలు కిందే కూర్చుని తింటారు, కిందే కూర్చుని చదువుకుంటారు."

"అదీ చిక్కు," అన్నారాయన నిజమైన బాధతో.

హెప్సిబా గారు చేతిలోని పొట్లం ఆయన బల్ల మీద పెట్టారు. తర్వాత, "బల్ల అంటే మీ రూల్సులో ఏమని రాసుంది సార్?" అని అడిగారు.

నిర్వచనం రాసింది నేనే. కొన్ని ఆఫీసులు బీరువాలను కూడా బల్లలని చూపించి రన్నర్లు పట్టుకుపోతుంటే రాయవలసి వచ్చింది. ఫైలు తెచ్చి చదివాను. "పీఠము లేక బల్ల యనగా కాళ్ళపై నిలబడునది, పుస్తకముల బరువు మోయగలిగినది, వరుసలో అమర్చదగినది, ఉన్నతాధికారుల తనిఖీ సమయమున కదలక మెదలక ఉండునది."

"కాళ్ళు ఎన్నో రాయలేదా సార్?"

రాయలేదు. రికార్డు గదిలో మూడు కాళ్ళ బల్ల ఒకటుంది. దానికి అన్యాయం జరగకూడదని నేనే ఆ మాట వదిలేశాను.

"అట్టాంటివైతే మా దగ్గర ఎనభై ఉన్నాయి సార్," అన్నారు హెప్సిబా గారు. ముఖంలో ఏ మార్పూ లేదు. "ఒకటి మరీ పొడుగ్గా ఉంటది. దానికి కాస్త ఎక్కువ గుడ్డ కావాలి."

నేను ఫైల్లోకి తలదూర్చాను. కామరాజు గారు ఏదో అనబోయి సారు ముఖం చూసి ఆగారు. ప్రభంజనరావు గారి ముఖం వెలిగిపోతోంది. "ఎనభై! జిల్లాలో ఇదే పెద్ద యూనిట్టు అవుతుంది. ఇందాక లేవన్నారేం?"

"అవి బల్లలని నాకిప్పుడే తెలిసింది సార్."

మంజూరు అయింది. ఎనభై సెట్ల రన్నర్లు లారీలో హాస్టలుకు వెళ్ళాయి. వెంట కోటిరత్నం కూడా వెళ్ళింది, అమర్చి చూపించడానికని నేనే ఆఫీసు ఆర్డరు ఇచ్చాను. ఆమె, ఆమెతో వచ్చిన ఆడవాళ్ళు హాస్టలు వరండాలో కూర్చుని కుట్లు విప్పారు, దూది తీశారు, దాన్ని దిండ్లలో కూరారు. ఆరు ఋతువులనూ నిలువునా పక్కపక్కన చేర్చి కుడితే ఒక లంగా అయింది. ఆరు రేకుల లంగా, పాదాల దాకా. కెజియాకు మాత్రం కింద ఇంకో జానెడు పట్టీ వేశారు. ఇక మిగిలిన ముక్కలతో ఏం చేశారని కోటిరత్నాన్ని అడిగితే, "మళ్ళీ మిగల్లేదండి. మెమో ఇస్తారా?" అంది.

అంతా బాగానే ఉంది గాని, అంత పెద్ద యూనిట్టును ప్రభంజనరావు గారు చూడకుండా ఉంటారా? తనిఖీకి వస్తున్నామని కబురు పెట్టారు. పేపరు వాళ్ళను కూడా రమ్మన్నారు. ఆ రోజు వాళ్ళు ఎక్కడో మంత్రిగారి సభకు పోవడం మా అదృష్టం. జీపులో కూర్చుని జరగబోయేది లెక్క వేసుకున్నాను. సంగతి బయటపడితే హెప్సిబా గారి ఉద్యోగం పోతుంది. లంగాలు ప్రభుత్వ ఆస్తి కింద మళ్ళీ లారీ ఎక్కుతాయి. ఆ పిల్ల మిరపచేలో దిగుతుంది. కామరాజు గారు నా పక్కనే కూర్చుని, ఎటు మొగ్గాలో తెలియక కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

హాస్టలు ముంగిట ఎనభై మంది పిల్లలు బడికి సిద్ధమై వరుసల్లో నిలబడ్డారు. చేతుల్లో పుస్తకాలు. ఒక్కరూ కదల్లేదు. ముక్కు మీద ఈగ వాలినా ఎవరూ తోలుకోలేదు. ఆఖరి వరుసలో, అందరికంటే తల ఎత్తున, కెజియా. బొమ్మల లంగా పాదాలను తాకుతోంది. ఆ పిల్లను నేను చూడడం అదే మొదలు. పెదవులు గట్టిగా బిగించుకుని నిలబడి ఉంది.

ప్రభంజనరావు గారు చుట్టూ చూశారు. "బల్లలు ఎక్కడమ్మా?"

"ఇవే సార్," అన్నారు హెప్సిబా గారు.

సారు మొదటి వరుస వెంట నడిచారు. కాళ్ళపై నిలబడి ఉన్నాయి. పుస్తకాలు మోస్తున్నాయి. వరుసలో అమరాయి. కదలడం లేదు. నిర్వచనం ఆయనకు కంఠతా వచ్చు. పెదవులు చప్పుడు లేకుండా కదులుతుండడం నాకు కనిపించింది. ఒక లంగా అంచు పట్టుకుని కుట్టు చూశారు. వసంతం, గ్రీష్మం, వర్షం అనుకుంటూ రేకులు లెక్కపెట్టారు. తర్వాత ఆయన నొసలు ముడిపడింది.

"ఇది నిబంధనలకు విరుద్ధం," అన్నారు.

కామరాజు గారు వెంటనే, "పూర్తిగా విరుద్ధమండి," అన్నారు.

"ఆరు ఋతువులూ ఏకకాలంలో ప్రదర్శించారు. నిన్ననే మనం వర్షఋతువు ఆవిష్కరించాం. బల్లల మీద వర్షం మాత్రమే కనిపించాలి. ఈ శిశిరం ఏమిటి? ఈ హేమంతం ఏమిటి? ప్రజలు ఏమనుకుంటారు?"

హెప్సిబా గారు నావైపు చూశారు. రేకులు విప్పమంటే లంగాలు పోయినట్టే. అప్పుడు వెనక వరుసలో కదలిక వినిపించింది. కెజియా పుస్తకాలు చంకలో ఇరికించుకుని, నడుము దగ్గర లంగా పట్టుకుని, గిర్రున చుట్టూ తిప్పింది. నీలం మేఘం ముందుకొచ్చి ఆగింది. పక్కపిల్ల చూసింది, అదీ తిప్పింది. ఆ పక్కది, దాని ముందుది. చూస్తుండగానే ముంగిలంతా వానాకాలం అయిపోయింది. మళ్ళీ అందరూ కదలక నిలబడ్డారు.

ప్రభంజనరావు గారు మొదటి వరుస మేఘాలను లెక్కపెట్టారు. తర్వాత వరుసల మధ్య నుంచి నడుచుకుంటూ కెజియా ముందుకు వెళ్ళారు. ఆ పిల్ల ఆయనకంటే వేలెడు ఎత్తు. ఆయన తల కొంచెం ఎత్తి చూడవలసి వచ్చింది.

"ఏ క్లాసమ్మా?" అని అడిగారు.

హెప్సిబా గారు కళ్ళు మూసుకున్నారు. బల్లలు జవాబు చెప్పవు. చెప్పకపోతే పిల్ల పొగరుబోతనుకుంటారు, చెబితే కొంప మునుగుతుంది.

"తొమ్మిదండి," అంది కెజియా.

ఆయన ముఖంలో ఏముందో నాకు బోధపడలేదు. ఆయనకు అప్పటికి తెలిసిందో, మొదటి రోజే తెలుసో, ఎప్పటికీ తెలియలేదో, ఆ తర్వాత ఆయన దగ్గర మూడేళ్ళు పని చేసి కూడా నేను తేల్చుకోలేకపోయాను. జేబురుమాలు తీసి మెడ తుడుచుకుని నావైపు తిరిగారు.

"సూపరింటెండెంటు గారూ, రాసుకోండి. తొమ్మిదో తరగతి బల్ల. బాగుంది. ఇంకో రెండేళ్ళలో ఇంకా పొడుగవుతుంది. దానికి తగినంత గుడ్డ ఇప్పటి నుంచే విడిగా పెట్టించండి."

నేను రాసుకున్నాను. అంత ఇష్టంగా నా సర్వీసులో ఇంకేదీ రాయలేదు. కామరాజు గారు, "చాలా దూరదృష్టి అండి," అన్నారు.

ఇంతలో బడి గంట వినిపించింది. పిల్లలు హెప్సిబా గారి వైపు చూశారు, ఆవిడ సారు వైపు చూశారు. సారు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. బల్లలన్నీ ఒక్కసారిగా గేటు దాటి బజారులోకి పడ్డాయి. కిళ్ళీకొట్టు దగ్గర కుర్రాళ్ళు లేచి నిలబడి చూశారు గాని, ఒక్కడికీ నోట మాట రాలేదు. కెజియా అందరికంటే ముందు నడుస్తోంది.